దాపట

కాడికి ఎడమ పక్కన పూన్చేది దాపట,
కుడి పక్కన ఎలపట.
ట్రాక్టరుకి దాపటా ఎలపటా ఉండవు గనక
మా ఊరి పిల్లలకిప్పుడు ఆ మాటలతో పనిలేదు.
నా నోట్లో ఇంకా ఉన్నాయి.

మైలోడు దాపట. చుక్కోడు ఎలపట.
నారాయణవలస సంతలో, ఒకే వేసంగిలో,
పళ్ళు చూసి, సుడులు వెతికి,
తువ్వాలు కింద వేళ్ళు నొక్కి బేరమాడి
తోలుకొచ్చాడు మా చిన్నాన్న లోకనాథం.
మొదటి దుక్కిలో తారుమారుగా కట్టి చూస్తే
మైలోడు కాడితో సహా చాలులో పడుకున్నాడు.
"ఈడిదీ పుర్రచేతి వాటమేరా, మన హైమ లాగ!"
పడీ పడీ నవ్వాడు చిన్నాన్న.
నాకప్పుడు ఎనిమిదేళ్ళు.
ఎడం చేత్తో పలక పడితే
మేష్టారు కణుపుల మీద స్కేలుతో కొట్టే రోజులు.
ఎద్దుకీ ఒక వాటం ఉంటుందని,
పక్క మార్చి కడితే సరిపోతుందని,
కర్ర అక్కర్లేదని
ఆ పూట తెలిసింది.

పన్నెండేళ్ళు నడిచారు.
దాపట ఎద్దుకి
కుడి కంట్లో ఎప్పుడూ జతగాడి చెవి, చెవి మీద ఈగ.
ఎడమ కంట్లో గట్టు, గోగుచేను, కొంగ,
సైకిలు మీద పోయే పోస్టుమేను, వాడి వెనక కుక్క.
టెక్కలి నుంచి పశువుల డాక్టరమ్మ వచ్చినప్పుడు చెప్పింది:
"కొత్తదేదైనా ముందు ఎడమ కంటితో చూస్తాయమ్మా.
ఆ చూపు మెదడులో కుడి సగానికి పోతుంది, బెదురుండేది అక్కడే.
అలవాటయ్యాకే కుడి కన్ను అప్పగిస్తాయి."
అంత తెలిసిన మనిషి గనక
సూది దాచుకుని కుడి పక్క నుంచి వెళ్ళింది.
మైలోడు మెడంతా వెనక్కి తిప్పి
ఎడమ కంటితోనే ఆవిణ్ణి కొలిచాడు.

మొన్న కార్తీకంలో, కోతలకి ముందు,
కళ్ళం అలుకుతుంటే చిన్నాన్న పడిపోయాడు.
శ్రీకాకుళం పెద్దాసుపత్రిలో
కుర్ర డాక్టరు ఫిల్ము వెలుగుకెత్తి
తలలో కుడి పక్క మచ్చ చూపించాడు.
ఎడం చెయ్యి పోవడం అందరికీ అర్థమైంది.
ఎడమ అన్నదే పోవడం
ఎవరికీ అర్థం కాలేదు.
కంచంలో కుడి సగం తింటాడు.
ఎడమ సగంలో ఆనపకాయ పులుసు చల్లారిపోతుంది.
"కూర ఎయ్యలేదేటి?" అని పిన్ని మీద కోపం.
పిన్ని మారు మాటాడదు, కంచం తిప్పుతుంది.
కూర పుడుతుంది.

ఆసుపత్రి అప్పుకి ఒక ఎద్దు పోవాలి.
"రెండిట్లో ఏదిస్తావు మావా?" అన్నాడు బేరగాడు.
శాలలో కాడి వరసలోనే కట్టి ఉన్నాయి రెండూ.
చిన్నాన్న చాలాసేపు చూశాడు.
"రెండేటిరా, ఉన్నది ఒకటే కదా.
తోలుకెలిపో."
చుక్కోడి పలుపు విప్పారు.
ఉన్న ఒక్కదాన్నీ ఇచ్చేశాననుకుని
ఆ రాత్రి చిన్నాన్న గంజి ముట్టలేదు.
గోడకటు మైలోడు,
కుడి పక్క ఖాళీలోకి చూస్తూ
కుడితి సగంలో వదిలేశాడు.
పోయిందేదో ఒకరికి తెలుసు, ఒకరికి తెలీదు.
ఏది నయమో నన్నడగొద్దు.

వ్యాయామం చేయించే కుర్రాడన్నాడు,
"ఎడమవైపు నుంచే పిలవండి.
తిరక్కపోయినా పిలవండి."
నేను పిలిస్తే తిరగడు.
అందుకని పొద్దున్నే నులకమంచం మీద కూచోబెట్టి
మైలోణ్ణి తెచ్చి ఆయన ఎడమ పక్కన కడుతున్నాను.
మందుల వాసన, గుండు, వంకరపోయిన మూతి.
మైలోడు మెడ తిప్పి, తిప్పి,
ఎడమ కంటితో చూస్తాడు:
ఎవరో కొత్తమనిషి.
ఒళ్ళో చచ్చుగా పడున్న ఆ చేతిని
నా పుర్రచేత్తో ఎత్తి మూపురం మీద పెడతాను.
"ఏటో ఎచ్చగుందే" అంటాడు చిన్నాన్న,
కుడి పక్కంతా వెతుక్కుంటూ.

పద్దెనిమిది రోజులు ఇదే.

నిన్న మైలోడు మెడ తిప్పలేదు.
నెమరేస్తూ నిలబడ్డాడు.
కుడి కన్ను అలాగే ఉంచాడు,
చుక్కోడి చెవి ఉండే చోట చిన్నాన్న చెవి,
చెవి మీద ఈగ.
ఆ ఈగ అక్కడుందని చిన్నాన్నకి తెలీదు.
మైలోడు
తన చెవి ఆడించాడు.